కాలువకు నీళ్ళొచ్చిన ఆదివారం

భీమవరం చుట్టుపక్కల చెరువుల రైతులకు అశోక్‌ను పరిచయం చేయనక్కర్లేదు. రొయ్య నలతగా ఉన్నా, చెరువు రంగు మారినా, పొద్దున్నే సీసాల్లో నీళ్ళు పట్టుకుని వాళ్ళు వచ్చేది అతను పనిచేసే ల్యాబ్‌కే. సీసాను వెలుతురుకేసి పట్టి చూస్తాడు. నాలుగు చుక్కల మందు వేసి రంగు తేలేదాకా ఆగుతాడు. అమ్మోనియా పెరిగిందనో, ఈ పూటకు మేత ఆపమనో నెమ్మదిగా చెబుతాడు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన నాటి నుంచి పదేళ్ళుగా అదే కుర్చీ, అవే సీసాలు. మాట తొందరపడదు, లెక్క తప్పదు అని రైతుల్లో పేరుంది.

ఆ పనిలో ఒక చిక్కుంది. నీళ్ళను అందరూ చూసినట్టు చూడడం అతనికి ఎప్పుడో పోయింది. హోటల్లో గ్లాసు ముందు పెడితే ముందు అడుగు భాగం చూస్తాడు. పెళ్ళిలో మజ్జిగ ఇస్తే ఐసు ఎక్కడిదని అడుగుతాడు. అతని భార్య రమ్యశ్రీ పుట్టింటి వాళ్ళ ముందు ఒకసారి అననే అంది, నీళ్ళలో ఏముందో తెలిసినవాడికి దాహం కూడా భయపడుతూనే వేస్తుందని. అందరూ నవ్వారు. అశోక్ కూడా నవ్వాడు కానీ గ్లాసు మాత్రం ముట్టుకోలేదు.

నిజానికి అతను పుట్టుకతో భయస్తుడేం కాదు. కాలువ గట్టు మీద ఉన్న చినపర్రులో పుట్టి, ఈత ఎప్పుడు నేర్చుకున్నాడో కూడా గుర్తులేనంత చిన్నప్పుడే నేర్చుకున్నవాడు. భయం అతనికి కూతురితో పాటు పుట్టింది. హారతి పుట్టిన మూడో రోజున ఒళ్ళంతా పచ్చబడితే, కళ్ళకు గంతలు కట్టి నాలుగు రోజులు నీలం దీపాల కింద పడుకోబెట్టారు. రోజుకు రెండుసార్లు రక్తం తీసి కామెర్ల అంకె చెప్పేవారు. అశోక్ ఆ అంకెలన్నీ ఆసుపత్రి ఫైలు వెనక అట్ట మీద గ్రాఫు గీసుకుని, గీత కిందికి దిగిన రోజున గోడకు ఆనుకుని ఏడ్చాడు. పిల్ల చక్కగా ఇంటికొచ్చింది. అతని గ్రాఫు మాత్రం ఆగలేదు. జ్వరమొస్తే గీశాడు, బరువుకు గీశాడు, కాగితం లేనప్పుడు మనసులో గీశాడు. ఇప్పుడు హారతికి ఏడేళ్ళు. రెండో తరగతి అయిపోయి మూడులోకి వెళ్ళబోతోంది.

ఈ వేసవి సెలవుల్లో వాళ్ళు నాలుగు చోట్లకు వెళ్ళాల్సింది. ఏప్రిల్ నెలాఖరున పేరుపాలెం బీచికి అనుకున్నారు. ఆ వారం గాలులు ఎక్కువగా ఉంటాయని ఫోన్లో సందేశం వచ్చింది. ఆ తర్వాత కొల్లేరు అనుకుంటే ఎండ నలభై రెండు దాటింది. రాజమండ్రి వెళ్ళి గోదావరి మీద పడవెక్కుదామంటే, లైఫ్ జాకెట్లలో చిన్నపిల్లల సైజు ఉందో లేదో ఎంత కనుక్కున్నా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆత్రేయపురంలో పూతరేకు ఎలా తీస్తారో చూపిద్దామని బయలుదేరబోతే దారిలో రోడ్డు పని, టిప్పర్లు. విడివిడిగా చూస్తే ఏ ఒక్క కారణమూ తీసిపారేసేది కాదు. ప్రతిసారీ అతను కూతురి తల నిమిరి, వచ్చే ఆదివారం అనేవాడు.

బడి తెరవడానికి వారం ఉందనగా, శనివారం సాయంత్రం, రమ్యశ్రీ ఒక కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. బళ్ళో ఇచ్చిన సెలవుల హోంవర్కు అది. పైన 'సెలవుల్లో నేను చూసిన చోటు' అని అచ్చువేసి ఉంది. కింద హారతి వాళ్ళ అపార్టుమెంటు మేడ మీది నీళ్ళ టాంకు బొమ్మ వేసింది. నల్లటి టాంకు, మూత, మూత మీద రాయి, రాయి మీద కాకి. పైపు ఎక్కడ వంపు తిరుగుతుందో అక్కడ వంపు తిప్పింది. కింద గుండ్రటి అక్షరాలతో 'మా టాంకు' అని రాసింది.

మొదట నవ్వొచ్చింది అశోక్‌కు. కూతుర్ని పిలిచి, ఇంకేం బొమ్మలు దొరకలేదా అని అడిగాడు. సముద్రం వేయొచ్చు, పడవ వేయొచ్చు కదా అన్నాడు.

"వచ్చు నాన్నా," అంది హారతి. "కానీ చూసిందే వెయ్యమన్నారు."

అందులో అలకగానీ దెప్పడంగానీ లేవు. ఆ మాట చెప్పి పెన్సిలు చెక్కుకోవడానికి వెళ్ళిపోయింది. రమ్యశ్రీ కూడా, అనేదేదో కాగితమే అనేసిందన్నట్టు వంటింట్లోకి నడిచింది.

అశోక్ ఆ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు తట్టింది అతనికి, ఎక్కడికెళ్దాం నాన్నా అని పిల్ల అడిగి నెల దాటిపోయిందని. రొయ్యల రైతుకు రోజూ చెప్పే మాట ఒకటుంది. రొయ్య తింటోందో లేదో చూడడానికి చెరువులోకి దింపిన చెక్‌ట్రేలో మేత మిగిలిపోతోందంటే, రొయ్య మేతకు రావడం మానేసిందంటే, నీరు ఎంత తేటగా కనబడినా నమ్మకండి, లోపల ఏదో తేడా వచ్చినట్టే అని. ఆ మాట వందలమందికి చెప్పినవాడు తన ఇంట్లో ట్రే ఎప్పటి నుంచి నిండుగా మిగిలిపోతోందో చూసుకోలేదు. పిల్ల అడగడం మానేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాడు. ఇంకొక్కసారి మాట తప్పితే, ఈ పిల్ల తనను మళ్ళీ ఏదీ అడగదు. ఆ సంగతి అతనికి అంకెలు లేకుండానే అర్థమైంది.

ఆ రాత్రి భోజనాల వేళ చినపర్రు నుంచి తల్లి చిట్టెమ్మ ఫోను చేసింది. మామూలు కబుర్లన్నీ అయ్యాక, కాలువలు వదిలేశారని, ఇంకో పూటలో నీళ్ళు ఊరికి వచ్చేస్తాయని, నారుమళ్ళకు అందరూ ఎదురుచూస్తున్నారని చెప్పింది.

డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది ఏటా జరిగేదే. వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడికలు తీసుకుంటారు, గట్లు బాగుచేసుకుంటారు. జూన్‌లో పైన ఆనకట్ట దగ్గర మళ్ళీ వదులుతారు. ఎండి నెర్రెలిచ్చిన కాలువలో ఆ నీళ్ళు మెల్లగా ఊరూరూ దాటుకుంటూ కిందికి వస్తాయి. చిన్నప్పుడు అశోక్ దృష్టిలో ఏడాదికదే పెద్ద తీర్థం. ఊళ్ళో పిల్లలందరూ ఎండు కాలువలోకి దిగి, వచ్చే నీళ్ళకు ముందు ముందు నడుచుకుంటూ లాకుల దాకా వెళ్ళేవారు. భీమవరంలో కాపురం పెట్టాక అతను దాన్ని మళ్ళీ చూడలేదు. హారతి అయితే అసలు చూడలేదు.

అతను పిల్ల మంచం దగ్గరికి వెళ్ళి, నీళ్ళు నడుచుకుంటూ రావడం ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. నీళ్ళెక్కడైనా నడుస్తాయా అంది హారతి. నడుస్తాయి, రేపు నానమ్మ ఊళ్ళో చూపిస్తాను అన్నాడు.

హారతి అతని ముఖం కాసేపు చూసింది. "వచ్చే ఆదివారమా?"

"కాదమ్మా. రేపే."

ఆమె సరేనంది. కానీ దుప్పటి కప్పుకున్న తీరు చూస్తే, ఆ సరేలో పెద్ద నమ్మకమేం ఉన్నట్టు లేదు.

పొద్దున్నే అశోక్ చినపర్రు వంతెన దగ్గర లస్కరు వెంకన్నకు ఫోను చేశాడు. కాలువ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం వెంకన్నది. తూము తలుపులు ఎత్తడం, దించడం, స్కేలు మీద నీటిమట్టం చూసి పైకి కబురు చెప్పడం. అశోక్‌ను నిక్కరేసుకున్న రోజుల నుంచి ఎరుగును. ఉద్యోగం ఇంకొక్క ఏడాదే మిగిలిందని చెప్పుకుంటూ ఉంటాడు. నీళ్ళు ఆరింటికి పై లాకులు దాటాయని వెంకన్న చెప్పాడు. పై లాకుల నుంచి చినపర్రు వంతెనకు పదకొండు కిలోమీటర్లు. కొత్త నీరు గంటకు రెండు కిలోమీటర్లు నడుస్తుందని వేసుకున్నా, పదకొండున్నరకల్లా వంతెన కిందికి రావాలి. అశోక్ కాగితం మీద లెక్క వేసి, పది నిమిషాలు అటూ ఇటూ కూడా రాసుకుని, జేబులో పెట్టుకున్నాడు.

సంచీ సర్దడం గంట పట్టింది. కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలు మూడు, ఓఆర్ఎస్ పొట్లాలు, సబ్బు, కట్టు గుడ్డ, దోమల మందు, రెండు టోపీలు, గొడుగు, పాము కనబడితే ఫోను చేయాల్సిన నంబరు రాసిన చీటీ. చివర్లో ల్యాబ్ నుంచి తెచ్చుకున్న ఖాళీ నమూనా సీసా ఒకటి. దాన్ని చూసి రమ్యశ్రీ నుదుటి మీద చెయ్యేసుకుంది. "కాలువను కూడా రక్తపరీక్షకు తీసుకెళ్తున్నారా?" అంది. మొదటి నీళ్ళలో ఏమేం కొట్టుకొస్తాయో ఒకసారి చూద్దామని అతను గొణిగాడు. పిల్లకు హెల్మెట్టు పెట్టి, ముగ్గురూ బండెక్కారు.

చినపర్రు చేరేసరికి పది దాటింది. చిట్టెమ్మ అప్పటికే దిబ్బరొట్టె కాల్చి, పానకం గిన్నెతో సహా మూటకట్టుకుని వంతెన దగ్గరికి వచ్చేసింది. రెండో చేతిలో పసుపు కుంకుమ ఉన్న పళ్ళెం, పళ్ళెంలో నాలుగు మందారాలు. వెంకన్న షెడ్డు పక్కన నిద్రగన్నేరు నీడలో చాప పరిచి అందరూ కూర్చున్నారు. ఎదురుగా కాలువ ఎండి పడుంది. అడుగున బూడిదరంగు ఒండ్రు, పెంకుల్లా లేచిన నెర్రెలు, ఎండిన గుర్రపుడెక్క. మధ్యలో ఒకచోట గుంటలో మోకాలి లోతు నీళ్ళుంటే కొంగలు చుట్టూ పంచాయితీ పెట్టాయి.

పదకొండున్నర అయింది. పన్నెండు అయింది. అశోక్ లేచి వంతెన మీదికి వెళ్ళి చూసొచ్చాడు. మళ్ళీ వెళ్ళి చూసొచ్చాడు. పన్నెండున్నరకు జేబులో కాగితం తీసి లెక్క మొదటి నుంచి వేశాడు. లెక్కలో తప్పులేదు. కాలువలో నీళ్ళూ లేవు.

వెంకన్న బీడీ ఆర్పి చెవి సందున పెట్టుకుని, ఆ కాగితం ఓసారి చూపించమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి మర్యాదగా తిరిగిచ్చాడు.

"లెక్క బాగానే ఉందండి అశోకుబాబూ. కానీ ఇది మొదటి నీరు కదండి. రెండు నెలలు ఎండిన కాలువ. ముందు నేల తాగాలి. నేల దాహం తీరాకే నీరు ముందుకు నడుస్తాది."

"ఎంత తాగుతుంది?" అన్నాడు అశోక్.

"అది దాన్నే అడగాలండి," అన్నాడు వెంకన్న. పైన రెండు ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు కూడా ఉన్నాయని, ముందు వాటికి పెట్టకుండా కిందికి వదలరని, పై లస్కరు ఫోను చేస్తే చెబుతానని తర్వాత తీరిగ్గా వివరించాడు. ఏళ్ళ తరబడి నీళ్ళనే లెక్కపెట్టిన అశోక్, తన లెక్కలో నేలను వేయడమే మరిచిపోయాడు. నేల ఇంకుతుందని పుస్తకంలో చదివినవాడే, ఆ కాలువ గట్టు మీద పెరిగినవాడే.

ఒంటిగంటకు ఎండ నెత్తికెక్కింది. చాప మీద నీడ సగానికి సగం తగ్గింది. హారతి రెండుసార్లు ఓఆర్ఎస్ తాగింది, రొట్టె తింది, చెట్టు కింద రాలిన కాయలు ఏరి వరస పెట్టింది. అశోక్ ఆమె నుదురు ముట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది. అది ఎండ వేడేనని తెలుసు, అయినా మనసులో గీత ఒకటి పైకి లేవడం మొదలెట్టింది. వడదెబ్బ లక్షణాలు ఒకటి, రెండు, మూడు. ఇంటికెళ్ళిపోతే మంచిది. నీళ్ళు సాయంత్రం వస్తాయో రేపొస్తాయో. రేపు ల్యాబ్‌కి వెళ్ళాలి. కాలువ ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడాదీ వదులుతారు. అతను వాచీ చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

అంతే. ఇంకా నోరు తెరవనే లేదు. హారతి వరస పెట్టిన కాయలు దగ్గరికి తోసేసి, లేచి, చెప్పులు తొడుక్కుంది. హెల్మెట్టు ఎక్కడుందో చూసుకుని, తనే తెచ్చుకుని తలకు పెట్టుకోబోయింది. ఏడుపు లేదు, మారాం లేదు. ఆ గొంతు సవరింపు ఆమెకు ఈ వేసవిలో నాలుగుసార్లు వినబడింది. తర్వాత ఏమొస్తుందో ఆమెకు తెలుసు.

రమ్యశ్రీ అతన్నే చూస్తోంది. చిట్టెమ్మ విసనకర్ర ఆపింది.

అశోక్ వంగి, కూతురి చేతిలోంచి హెల్మెట్టు తీసుకుని చాప మీద పెట్టాడు. చెప్పుల బకిల్సు ఒక్కొక్కటే విప్పాడు.

"నీళ్ళొచ్చేదాకా కదలం," అన్నాడు. "చీకటి పడినా సరే. కూర్చో."

హారతి కూర్చుంది. కానీ వెంటనే ఆడుకోలేదు. కాసేపు అతని వాచీ వైపు చూస్తూ ఉంది. అది గమనించి అశోక్ వాచీ విప్పి సంచీలో పడేశాడు. చిట్టెమ్మ మళ్ళీ విసరడం మొదలుపెట్టి, ఎవరికీ కాకుండా గాలికి చెప్పినట్టు, వీడి నాన్న బతికుంటే ఈపాటికి మనవరాల్ని భుజానెక్కించుకుని పై లాకులదాకా నడిచేవాడు అంది. ఆ మాటకు అశోక్‌కు కోపం రాలేదు.

వెంకన్న షెడ్డులో నులకమంచం ఇచ్చాడు. తడిపిన గోనెపట్టా ఒకటి తలుపుకు కట్టాడు. హారతి గంటసేపు పడుకుని లేచింది. మళ్ళీ నుదురు ముట్టుకుంటే చల్లగా తగిలింది. మూడున్నరకు వెంకన్న ఫోను మోగింది. ఆయ్, ఆయ్ అని రెండు మాటలు మాట్లాడి, నీరు రెండో చెరువు దాటేసిందని, ఇంకో గంట పైన పడుతుందని చెప్పాడు.

ఈ గంట ఏం చేద్దాం అన్నాడు అశోక్. హారతి కాలువ వైపు చూసింది కానీ అడగలేదు. కాలువ దగ్గరికి వెళ్ళకు అని పుట్టిన నాటి నుంచి వింటున్న పిల్ల. అశోక్ కూడా కాలువ వైపే చూశాడు. ఆ గుంటలో తప్ప ఒక్క చుక్క నీరు లేని కాలువను చూసి భయపడడానికి ఎంత వెతికినా కారణం దొరకలేదు అతనికి. పాము సంగతి గుర్తొచ్చింది. వెంకన్న కర్ర అడిగి తీసుకున్నాడు. నీరు మలుపు దగ్గర కనబడగానే కేక వేస్తానని వెంకన్న గట్టు మీద నిలబడ్డాడు. అశోక్ రేవు మెట్ల మీదుగా కూతురి చెయ్యి పట్టుకుని కిందికి దిగాడు.

దిగాక ఇద్దరికీ కాలం తెలియలేదు. కింద నుంచి చూస్తే గట్లు మేడల్లా ఉన్నాయి. వంతెన స్తంభానికి తెల్లరంగు వేసిన స్కేలు, దాని మీద నల్లటి అంకెలు. నిండు కాలువలో నీరు ఎక్కడిదాకా ఉంటుందో చూపించాడు. అది హారతి ఎత్తుకు రెండింతలు. "అంటే ఇప్పుడు మనం నీళ్ళ అడుగున ఉన్నట్టా?" అని అడిగింది. అవునన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి, బుగ్గలు పూరించి, చేతులతో ఈదుతున్నట్టు పది అడుగులు నడిచింది. అతను కూడా నడిచాడు. గట్టు మీద రమ్యశ్రీ ఫోను తీసి ఫొటో తీయడం కూడా మరిచిపోయి నవ్వింది.

ఒండ్రులో ఆల్చిప్పలు దొరికాయి. లోపలివైపు ఆ మెరుపు ఎక్కడి నుంచి వస్తుందో, పొర మీద పొర ఎలా కడుతుందో చెప్పాడు. నత్తగుల్లలు దొరికాయి. ఏ ఏటివో మరి, వినాయకుడి మట్టిబొమ్మ తొండం ముక్క, ఒక గాజు, అడుగు లేని స్టీలు గ్లాసు. గ్లాసు చూసి పైనుంచి చిట్టెమ్మ, అది మనదేమోరా, నీ చిన్నప్పుడు ఇక్కడే పారేశావు, మీ నాన్న చేత తన్నులు తిన్నావు అంది. ఇరవై ఏళ్ళ తర్వాత అది ఇక్కడే ఉంటుందా అని అశోక్ వాదించబోయి మానేశాడు. హారతి మాత్రం ఆ గ్లాసును గౌన్లో చుట్టుకుంది. అది నాన్నదే అని ఆమెకు సందేహం లేదు.

అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ల్యాబ్‌లో రైతులకు చెప్పే గొంతు కాదది. చేప గుడ్లు మట్టిలో ఎలా ఉంటాయి, మట్టగిడస బురదలో ఎలా బతుకుతుంది, గోదావరి ఈ ఒండ్రు ఎక్కడి నుంచి తెచ్చింది. ఆ సంగతులన్నీ తనకు తెలుసునని అతనికే గుర్తులేదు. ఇన్నాళ్ళూ తెలిసిందంతా పిల్లను ఆపడానికే వాడాడు మరి.

వెంకన్న కేక వేశాడు.

మలుపు దగ్గర ముందు కొంగలు కనబడ్డాయి. పదీ పదిహేను తెల్లకొంగలు, వరసగా, వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచొస్తున్నాయి. వాటి కాళ్ళ వెనక గోధుమరంగు అంచు. అశోక్ కూతుర్ని ఎత్తుకుని మెట్ల వైపు పరుగెత్తబోయాడు. పరుగెత్తబోయి ఆగాడు. ఆ అంచు ఎత్తు బెత్తెడు లేదు. చాప చుట్ట విప్పుతున్నంత నిదానంగా వస్తోంది. ఒక నెర్రె ఎదురైతే ఆగి, దాని నిండా తాగించి, అప్పుడు ముందుకు కదులుతోంది. నురగ, ఎండుటాకులు, చీమలు పట్టిన పుల్లలు దాని మీద ఊగుతున్నాయి. ఎండు గుర్రపుడెక్క కింద చిటచిటమని చప్పుడు. వేగం ఎంతో అతను లెక్కవేయలేదు. ఏడేళ్ళ పిల్ల నడక అంతే.

"దించనా?" అని అడిగాడు.

హారతి తల ఊపింది. దించాడు. ఆమె వెనక్కి తిరిగి, నీళ్ళ వైపే ముఖం పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ నడిచింది. అశోక్ ఆమె వేలు వదల్లేదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు వాళ్ళను అందుకున్నాయి. ముందు బొటనవేలు, తర్వాత పాదం. హారతి చిన్నగా అరిచి, నాన్న ముఖంలోకి చూసింది. అందులో ఏమేం సూక్ష్మజీవులు ఉంటాయో అశోక్‌కు పేర్లతో సహా తెలుసు. ఆ పేర్లన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి.

"చల్లగా ఉన్నాయా?" అన్నాడు.

"వెచ్చగా ఉన్నాయి," అంది హారతి. "ఎండలో నడిచొచ్చాయి కదా."

మెట్లెక్కి ఒడ్డుకు వచ్చారు. అశోక్ సంచీలోంచి సబ్బు తీసి, తెచ్చుకున్న మంచినీళ్ళతో పిల్ల కాళ్ళు కడిగాడు. ఆ మాత్రం లేకపోతే అతను అశోకే కాదు. చిట్టెమ్మ కింది మెట్టు మీద నిలబడి పసుపు కుంకుమ చల్లి, మందారాలు వదిలింది. వెంకన్న వంగి, వేళ్ళు తడుపుకుని కళ్ళకద్దుకుని, స్కేలు దగ్గరికి వెళ్ళి పైవాళ్ళకు ఫోను చేశాడు. మాట మామూలు ఉద్యోగం మాటే. ముఖం మాత్రం చేటంత అయింది. గట్టు మీద నలుగురైదుగురు రైతులు చేరి అప్పుడే నారుమళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు.

నమూనా సీసా గుర్తొచ్చింది రమ్యశ్రీకే. మర్చిపోతున్నారేమో అని తీసిచ్చింది. హారతి తాను నింపుతానంది. అశోక్ ఆమె నడుం పట్టుకున్నాడు, ఆమె వంగి టీ రంగు నీళ్ళు సీసా నిండా పట్టింది. మూత బిగించి చీటీ అంటించి, అలవాటు ప్రకారం ఊరి పేరు, తేదీ, వేళ రాశాడు. 'సేకరించినవారు' అన్నచోట కలం ఆగింది. దాన్ని హారతికిచ్చాడు. ఆమె నాలుక బయటపెట్టి, రెండు గడుల్లోకి జరిగేలా తన పేరు రాసుకుంది. ఆ సీసా తర్వాత ల్యాబ్‌కి వెళ్ళలేదు, పరీక్షకూ పెట్టలేదు. ఒండ్రు అడుక్కు దిగి, పైన తేటనీరుతో, వాళ్ళింట్లో టీవీ పక్కన అడుగులేని స్టీలు గ్లాసు తోడుగా ఉంది.

కానీ అది తర్వాతి సంగతి. అప్పటికి ఇంకా పొద్దు వాలలేదు. మందారాలు వంతెన కింద నుంచి అవతలికి తేలిపోతుంటే, హారతి అటువైపు రైలింగు దగ్గరికి వెళ్ళి వాటినే చూస్తోంది. నీళ్ళు వంతెన దాటి, మళ్ళీ ఎండు నేల మీద ముందుకు నడుస్తున్నాయి. ఈ నీళ్ళు ఇక్కడి నుంచి ఎక్కడికెళ్తాయని అడిగింది. శివారు వంతెనకు, అక్కడి నుంచి పొలాల్లోకి, మిగిలితే ఇంకా కిందికి అని అశోక్ చెప్పాడు. శివారు వంతెన ఎంతదూరమని అడిగింది. రెండు కిలోమీటర్లు ఉంటుందన్నాడు.

ఆమె రైలింగు మీద గోటితో గీస్తూ నిలబడింది. తర్వాత అతని వైపు చూడకుండానే అంది.

"మనం కూడా అక్కడికి వెళ్దామా నాన్నా? నీళ్ళకంటే ముందు?"

అశోక్ వెనక్కి తిరిగాడు. రమ్యశ్రీ అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంటోంది. చిట్టెమ్మ, మీరు పొండి, నాకు మోకాళ్ళు, నేను ఇంటికి పోయి అన్నం పడేస్తాను అంటూ చాప చుట్టింది. వెంకన్న ఆ గట్టు మీద దుమ్ము తప్ప వేరే ఇబ్బందేం లేదండి అని చెప్పాడు.

బండి గట్టు వెంట మెల్లగా వెళ్ళింది. ఎడమవైపు కాలువలో కొంగలు వెనకబడ్డాయి. శివారు వంతెన దగ్గర ఎవరూ లేరు. కింద ఒండ్రు ఎండి, నెర్రెలిచ్చి, సాయంత్రపు ఎండలో ఎర్రగా ఉంది. ముగ్గురూ వంతెన పిట్టగోడ మీద వరసగా కూర్చున్నారు. హారతి కాళ్ళు ఊపుతూ, వచ్చిన దారివైపు మెడ చాచి చూసింది.

"ఇక్కడికి ఎన్నింటికి వస్తాయి నాన్నా?"

అశోక్ చెయ్యి అలవాటుగా జేబులోని కాగితం మీదికి వెళ్ళింది. ఆ చేత్తోనే పిల్ల జారిపోకుండా నడుం చుట్టూ పట్టుకున్నాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "వచ్చేదాకా కూర్చుందాం."